తాతల దస్తూరి

ఏ పాత యింటనైనను అటకమీదనో, దేవుని గూటిప్రక్కనో ఒక సందుగ ఉండును. దాని అడుగున గుడ్డలో చుట్టిన కాగితముల కట్ట యొకటి ఉండును. అవి తాతగారి కాలపు పట్టాకాగితములని, ముత్తాతగారి క్రయచీటీలని, పెద్దనాయన జాతకమని ఇంటివారు చెప్పుకొందురు. పండుగకు ఇంటికి సున్నము వేయునపుడు ఆ కట్టను దింపి, దులిపి, మరల యథాస్థానమున ఉంచుదురు. చదువుట మాత్రము జరుగదు. ఇంటిలో పట్టభద్రులున్నను, ఇంజనీర్లున్నను ఆ వ్రాతను చదువగలవారు ఉండరు. ఇట్లేల జరిగినది? ఆ వ్రాతను చదువుటకు సాధారణ గృహస్థునకు అందుబాటులోనున్న మార్గమేది? ఈ రెండు ప్రశ్నలే ఈ ప్రసంగమునకు విషయము.

జగిత్యాల జిల్లాలోని మల్లాపూర్ ప్రాంతమును ఉదాహరణముగా తీసికొందము. గోదావరికి దక్షిణమున, మెట్‌పల్లి కోరుట్లల చేరువనున్న ఈ ప్రాంతము 1948 సెప్టెంబరు వరకు నిజాము ప్రభువుల ఏలుబడిలో నుండెను. గ్రామములో పట్వారి తన లెక్కలను తెలుగులో, గొలుసుకట్టు వ్రాతలో వ్రాసికొనెడివాడు. పై కచ్చేరీలలో పారసీకము నడిచెడిది. 1884 ప్రాంతమున పారసీకమునకు బదులు ఉర్దూ రాజభాషయైనది. 1918లో ఉర్దూ బోధనాభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. చదువుకొన్న కుటుంబములలో తాతలు ఉర్దూలో అర్జీలు వ్రాసిరి. ముత్తాతలు తెలుగు గొలుసుకట్టులో చీటీలు వ్రాసిరి. 1948 తరువాత ఉర్దూ చదువు వెనుకబడినది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప తెలుగు, ఇంగ్లీషు చదువులు నిలిచినవి. నేటి పిల్లలకు ఇంగ్లీషే అలవాటు. ఒకే కుటుంబము, ఒకే ఊరు. కాని నాలుగు తరములలో చదువు మూడు విధములుగా మారినది. తాత చదువురానివాడు కాడు, మనుమడు తెలివిలేనివాడు కాడు. వారిద్దరికిని నడుమనున్న లిపి మారినది, అంతే.

ఇది కేవలము వంశచరిత్రపై ముచ్చటగలవారి విషయమని తలపరాదు. తెలంగాణలో భూమి లెక్కలకు నేటికిని మూలముగా చూపబడునవి పాత చేతివ్రాత పత్రములే. తొలి బందోబస్తునాటి సేత్వారు, 1954-55లో తయారైన ఖాస్రా పహాణీ, ఆ పిదప ఏటేట వ్రాసిన పహాణీలు ఇందులో ముఖ్యములు. వీనిలో కొన్ని ఉర్దూలోను, కొన్ని తెలుగులోను ఉన్నవి. 2020లో ధరణి వచ్చినది, దాని స్థానమున 2025లో భూభారతి వచ్చినది. తెరమీద కనబడు లెక్కకును వెనుక ఎప్పుడో ఒకరు చేతివ్రాతను చదివి ఎక్కించిన పేరున్నది. ఆ చదివినవాడు ఒక అక్షరమును మార్చి చదివినచో, తాత పేరు మారును. తాత పేరు మారినచో, మనుమడు తాను ఆ తాతకు మనుమడనని నిరూపించుకొనుటకు కచ్చేరీ మెట్లెక్కవలసి వచ్చును. కనుక పాత వ్రాతను సరిగా చదువుట అనునది ఇంటి గౌరవమునకే గాక ఇంటి హక్కునకును సంబంధించిన పని.

పాత కాగితము చేతికి రాగానే చాలమంది మొదటి పంక్తినుండి చదువబూనుదురు. రెండు మాటలలో ఆగిపోవుదురు. అట్లు గాక ముందుగా తేదీని వెదకవలెను. కాలము తెలిసినచో కచ్చేరీ ఏదో, లిపి ఏదో, నాణెము ఏదో చాలవరకు తెలిసిపోవును.

నిజాము రాజ్యపు కాగితములలో ఎక్కువగా ఫసలీ సంవత్సరము కనబడును. ఫసలీ అనగా పంట లెక్క. ఇటీవలి కాలపు పద్ధతి ప్రకారము హైదరాబాదులో ఈ సంవత్సరము అక్టోబరులో, ఆజూరు మాసముతో మొదలయ్యెడిది. అక్టోబరునుండి డిసెంబరు వరకు జరిగిన విషయమైనచో ఫసలీకి 590 కలుపవలెను. జనవరినుండి సెప్టెంబరు వరకైనచో 591 కలుపవలెను. 1339 ఫసలీ అని యున్నచో అది సుమారుగా 1929 అక్టోబరు మొదలు 1930 సెప్టెంబరు చివరివరకు గల కాలము. ఆజూరు, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రెవర్, మెహర్, ఆబాన్ అనునవి దాని పండ్రెండు మాసములు. మాసము పేరు చదువగలిగినచో ఏ సంఖ్య కలుపవలెనో తెలియును. మద్రాసు రాజధానిలో ఫసలీ జూలైలో మొదలయ్యెడిది గనుక కోస్తా కాగితములకు ఈ లెక్కను యథాతథముగా వాడరాదు. హిజరీ సంవత్సరము చాంద్రమానము. అది ఏటికి సుమారు 11 దినములు ముందుకు జరుగుచుండును గనుక దానికి ఒకే సంఖ్యను కలిపి లెక్క తేల్చుట సాధ్యము కాదు, పట్టికను చూడవలెను.

జాతకములలోను, లగ్నపత్రికలలోను శాలివాహన శకము, సంవత్సర నామము ఉండును. శకమునకు 78 కలిపినచో ఆ ఉగాది వచ్చిన క్రీస్తు సంవత్సరము తేలును. శకసంఖ్య చిరిగిపోయి సంవత్సర నామమే మిగిలినచో కొంత చిక్కు. ప్రభవాది నామములు అరువది యేండ్లకొకసారి తిరిగి వచ్చును. శార్వరి అని యున్నచో అది 1840 కావచ్చును, 1900 కావచ్చును, 1960 కావచ్చును. అప్పుడు తిథివార నక్షత్రములు మనకు సాక్ష్యము చెప్పును. ఒక తిథి ఒక వారమునాడు, ఒక నక్షత్రముతో కూడి యున్నదని వ్రాసియున్నచో, ఆ మూడును కలిసివచ్చు సంవత్సరము మూడింటిలో సాధారణముగా ఒక్కటియే యగును. పాత పంచాంగము తెలిసిన పురోహితుని అడిగినచో ఈ లెక్క క్షణములో తేల్చగలడు. పుట్టిన తేదీ తెలియదని చెప్పబడిన ఎందరో పెద్దల తేదీలు ఇట్టి జాతకములలో భద్రముగా నున్నవి.

తేదీ తరువాత ఊరు. మల్లాపూర్ అను పేరుగల ఊళ్లు తెలంగాణలో ఒకటికంటె ఎక్కువ. హైదరాబాదు నగరపు అంచుననే మరియొకటి కలదు. కనుక తాలూకా, జిల్లా పేర్లు చదువనిదే ఊరు తేలినట్లు కాదు. ఆ పేర్లును కాలమునుబట్టి మారినవి. 1905కు పూర్వపు కాగితములలో ఈ ప్రాంతము ఎలగందుల జిల్లాగా నుండును. ఆ తరువాత కరీంనగరు జిల్లా. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2016 అక్టోబరులో జగిత్యాల జిల్లా ఏర్పడినది. సిరిసిల్లయు ఆనాడే వేరు జిల్లాయైనది. జగిత్యాల జిల్లా అను మాటను వందయేండ్ల కాగితములో వెదకినచో దొరకదు.

ఇక తెలుగు గొలుసుకట్టు సంగతి. ఇందు కలము ఎత్తకుండ అక్షరమునకు అక్షరమును తగిలించుచు పోవుదురు. మాటకును మాటకును నడుమ ఎడము ఉండదు. వాక్యాంతమున చుక్క యుండదు. తలకట్లు చాలచోట్ల మాయమగును. తలకట్టు పోయిన తరువాత ప, వ, స, ష అనునవి ఒకదానికొకటి దాయాదులు; మ, య అనునవి కవలలు. ద, ధ, థ లకు నడుమ నుండవలసిన చుక్కను, చీలికను వ్రాయసకాడు పాటింపడు. ఎకార ఏకారములకు, ఒకార ఓకారములకు భేదము చూపని వ్రాతలు తాటియాకులలో మెండు. పదాదిని ఎకారము యెకారమగును, ఒకారము వొకారమగును, ఉకారము వుకారమగును. ఎల్లయ్య పేరు యెల్లయ్య అని యుండును. పేర్ల పట్టికలో అకారాది క్రమమున వెదకువాడు ‘ఎ’ దగ్గర చూచి లేదని మూసివేయుట పొరపాటు. ‘య’ దగ్గరయు చూడవలెను.

మరియొక చిహ్నము నేటివారిని తరచు మోసపుచ్చును. అది వలపలగిలక. రేఫముతో కూడిన సంయుక్తాక్షరమును మనము నేడు ‘ర్మ’ అని వ్రాయుదుము. పూర్వులు మకారమును ముందు వ్రాసి, దాని కుడిప్రక్కన గిలకను పెట్టెడివారు. ఉచ్చరించునపుడు మాత్రము రేఫమే ముందు. పాత అచ్చు పుస్తకములలోను ఇది కలదు. ఆ గిలక తెలుగు తొమ్మిదంకె ౯ వలె నుండును. అది ఎరుగనివాడు ‘శర్మ’ అను మాటను ‘శమ’ అని చదివి, ప్రక్కనున్నది తొమ్మిది అని తలంచును. రేఫముతో కూడిన హల్లును రెట్టించి, ధర్మమును ‘ధర్మ్మము’ అని వ్రాయుటయు పూర్వాచారమే; అది తప్పు కాదు.

లెక్కల దగ్గర మరింత జాగ్రత్త వలయును. తెలుగు అంకెలలో ౨, ౩ అనునవి తొందర వ్రాతలో కలిసిపోవును. ౦, ౧ లకును అంతే. అంతకు మించినది భిన్నముల సంగతి. మన పూర్వులు భాగములను నాలుగింటి లెక్కన చేసిరి. ఒక నిలువు గీత కాలు, రెండు నిలువు గీతలు అర, మూడు నిలువు గీతలు ముప్పావు. ఆ కాలులో కాలు భాగమైన వీసమునకు అడ్డగీత. ఒక అడ్డగీత వీసము, రెండు పరక, మూడు మువ్వీసము. రూపాయికి పదునారు అణాలు గనుక ఈ పద్ధతి ద్రవ్యమునకు చక్కగా సరిపోయినది: నిలువు గీత పావలా, అడ్డగీత అణా. మూడంకె తరువాత మూడు నిలువు గీతలు, ఒక అడ్డగీత యున్నచో అది మూడు రూపాయల పదమూడణాలు. దీనిని తెలియనివాడు గీతలను కొట్టివేతగా భావించి మూడు రూపాయలని చదువును.

ఇందులోనే మరియొక మెలిక యున్నది. మాటను కుదించి వ్రాసినపుడు దాని ప్రక్కన రెండు నిలువు గీతలు పెట్టుట తెలుగువారి అలవాటు. తా॥ అని యున్నచో అది తారీఖు కావచ్చును, తాలూకా కావచ్చును. గుం॥ అనగా గుంటలు. పు॥ అనగా పుట్టి. కాని అంకె ప్రక్కన రెండు గీతలున్నచో అది అర. మాట ప్రక్కన కుదింపు గుర్తు, అంకె ప్రక్కన అర అని గుర్తుంచుకొన్నచో ఈ చిక్కు తీరును.

భూమి కొలతకు తెలంగాణలో నలుబది గుంటలు ఒక ఎకరము. 2-20 అని యున్నచో రెండు ఎకరముల ఇరువది గుంటలు, అనగా రెండున్నర ఎకరములు. నేటి లెక్కలలో అదే 2.20 అని చుక్కతో కనబడుచున్నది. దశాంశములకు అలవాటుపడిన యువకులు దీనిని రెండు ఎకరములు, ఎకరములో అయిదవ వంతు అని చదివి, పన్నెండు గుంటలు పోగొట్టుకొందురు. ఇది లిపి చిక్కు కాదు, లెక్క చిక్కు. అయినను నష్టము ఒకటియే.

నాణెమును గమనింపవలెను. హైదరాబాదు రాజ్యమునకు స్వంత నాణెముండెను. దానిని హాలీ సిక్కా యనిరి. ఇంగ్లీషువారి రూపాయి కల్దారు. చివరి కాలపు మారకములో ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. క్రయచీటీలో రూపాయల సంఖ్య తరువాత వచ్చు ‘హాలీ’ యను చిన్నమాటను విడిచినచో వెల లెక్క తప్పును.

ఇక ఉర్దూ వ్రాతకు వత్తము. కచ్చేరీ గుమాస్తాల తొందర వ్రాతకు షికస్తా యని పేరు. అనగా విరిగిన వ్రాత. దీని కష్టము అక్షరముల వంకరలో లేదు. వ్రాయక విడిచిన వానిలో నున్నది. ఉర్దూలో హ్రస్వస్వరములను సాధారణముగా వ్రాయరు. ద్విత్వమునకు గుర్తు పెట్టుట అరుదు. మల్లాపూర్ అను పేరులో కనబడునవి మ, ల, ఆ, ప, ఊ, ర మాత్రమే. ఊరు ఎరుగనివాడు దానిని ములాపూర్ అని చదువవచ్చును, మిలాపూర్ అనియు చదువవచ్చును. తెలుగులోని ణకార ళకారములకు అక్కడ వేరు అక్షరములు లేవు.

ప, బ, త, న, య మొదలగునవి మాట నడుమ వచ్చినపుడు వానికి ఒకటే రూపము, ఒక చిన్న పన్ను వంటిది. పైనను క్రిందను పెట్టు చుక్కలే వానిని వేరుచేయును. షికస్తాలో మొదట ఎగిరిపోవునవి ఆ చుక్కలే. అప్పుడు రాజయ్య, రాజన్న అను పేర్లు ఒకే ఆకారమును పొందును. పోచయ్య బుచ్చయ్య కావచ్చును. కకార గకారములకు నడుమనున్న భేదము పైని ఒక చిన్న గీత; అది పోయినచో గంగయ్యయు కనకయ్యయు అక్షరాక్షరము ఒకటే యగును. మన పల్లెలలో ఈ పేర్లన్నియు వాడుకలో నున్నవే. ఇది కల్పించిన చిక్కు కాదని శ్రోతలు గ్రహింతురు.

అయినను నిరాశపడనవసరము లేదు. కచ్చేరీ కాగితము కథవలె స్వేచ్ఛగా నడువదు. దానికి కట్టుబడియున్న మాటలు కలవు. అవి ప్రతి కాగితములోను అదే వరుసలో వచ్చును. వానిని నేర్చినచో సగము చదువు పూర్తియైనట్లే. వల్ద్ అనగా కుమారుడు. దానికి ముందున్నది మనిషి పేరు, తరువాతది తండ్రి పేరు. జౌజా అనగా భార్య, బేవా అనగా వితంతువు. ఉర్ఫ్ అనగా మారుపేరు. సాకిన్ అనగా నివాసి, మౌజా అనగా గ్రామము. ఫౌత్ అనగా మరణించినవాడు, విరాసత్ అనగా వారసత్వము. ఖుష్కి మెట్ట, తరి మాగాణి, శిఖము చెరువులోని భూమి. పట్టాదారు అనగా ఎవని పేర పట్టా కలదో వాడు. కబ్జాదారు అనగా అనుభవములో నున్నవాడు. ఈ రెండు గడులలోని పేర్లు వేరు కావచ్చును. తొందరలో ఒకదానికి మారుగా మరియొకటి చదివినచో కౌలుదారు యజమాని యగును, యజమాని కౌలుదారగును. పాత లెక్కలలో ద్రవ్యమును రఖము పద్ధతిలో వ్రాయుటయు కలదు. అవి అంకెలు కావు. సంఖ్యల పేర్లను కుదించిన గుర్తులు. వానికి మాత్రము తెలిసినవారి సాయము అవసరము.

ఇపుడు చదివెడి పద్ధతిని ఒక ఉదాహరణముతో చూతము. ఒక కుటుంబమువారు తాము గంగయ్య సంతతివారమని ఎరుగుదురు. వారికి ఒక ఉర్దూ నకలు దొరికినది. అందు ఒక పేరు గంగయ్య యనియు చదువవచ్చును, కనకయ్య యనియు చదువవచ్చును. ఇంటివారి కన్నులకు అది గంగయ్యగానే కనబడును. ఇక్కడనే ఆగవలెను. మనకు కావలసిన పేరు కనబడుట వేరు, వ్రాసియున్న పేరు చదువుట వేరు.

మొదట ఆ వ్రాయసకాని చేతినే సాక్ష్యమడుగవలెను. అదే కాగితములో సందేహమునకు తావులేని మాట యేది? గుంట అను మాట ఉండును; అది గకారముతో మొదలగునని మనకు తెలియును. ఆ గకారము మీద అతడు రెండవ గీత పెట్టినాడా? ప్రతిచోట తప్పక పెట్టుచు, ఈ పేరులో మాత్రము పెట్టనిచో అది కనకయ్య యగుట ఎక్కువ సంభావ్యము. గుంట యను మాటలోనే గీత లేనిచో, ఆ చేతికి రెండక్షరములును ఒకటే. అప్పుడు కాగితము తీర్పు చెప్పలేదు. ఇతర సాక్ష్యములకు పోవలెను. అదే సర్వే నంబరునకు తెలుగులో వ్రాసిన పహాణీ యేదైన దొరకునా? దానిలో ఆ పేరు స్పష్టముగా నుండును. తండ్రి పేరు కలియుచున్నదా? క్రయచీటీలో నాలుగు హద్దులు ఉండును. తూర్పున ఎవరి భూమి, పడమట ఎవరిది అని వ్రాయుదురు. మన తాత పేరు మన కాగితములో అస్పష్టమైనను, ప్రక్క చేనువారి కాగితములో హద్దుగా స్పష్టముగా ఉండవచ్చును. పొరుగువాని సందుగలోనే మన సాక్ష్యమున్న సందర్భములు కలవు.

దీనికొరకు ఒక చిన్న పని ముందు చేసికొనవలెను. తెల్లకాగితము మీద ఆ వ్రాయసకాని అక్షరమాలను తయారుచేయవలెను. నిస్సందేహముగా చదివిన మాటలనుండి ఒక్కొక్క అక్షరమును చూచి దించి, దాని ప్రక్కన దాని పేరు వ్రాయవలెను. పది పంక్తులు పూర్తియగుసరికి అతని చేతి నడక మనకు పరిచితమగును. ఆ తరువాత మొత్తము కాగితమును ఉన్నది ఉన్నట్లు దించవలెను. తెలియని అక్షరమునకు చుక్క పెట్టవలెను. సందేహమున్న పేరునకు రెండు పాఠములును వ్రాయవలెను. తప్పుగా తోచినదానిని దిద్దరాదు. దించినది ఒకటి, మనము అర్థము చేసికొన్నది మరియొకటి; రెండును వేరుగా నుంచవలెను. మరునాడు మరియొకరిచేత, మన పాఠమును చూపకుండ, చదివించవలెను. ఇద్దరు వేరువేరుగా చదివి ఒకటే చెప్పినచో దానిని నమ్మవచ్చును.

వేలిముద్ర, నిశాని ఉన్నచోట ఒక విషయము మరువరాదు. ఆ ప్రక్కనున్న పేరు ఆ మనిషి వ్రాసినది కాదు. వ్రాయసకాడు చెవితో విని వ్రాసినది. కనుక ఒకే మనిషి ఒక కాగితములో లక్ష్మయ్య, మరియొకదానిలో లచ్చయ్య, వేరొకదానిలో లచ్మన్న యగుట వింత కాదు. పేరు వ్రాతలోని భేదమే మనిషి భేదమని తేల్చరాదు. పేరు ఒకటైనంత మాత్రమున మనిషి ఒకడేయనియు తేల్చరాదు. తాత పేరు మనుమనికి పెట్టుట మన ఆచారము కదా!

ఇది మన దేశమునకు మాత్రమే పరిమితమైన చిక్కు కాదు. జర్మనీలో కుర్రెంట్ అను పాత చేతివ్రాత వాడుకలో నుండెను. 1941లో దానిని బడులనుండి తొలగించిరి. ఫలితముగా అచ్చటి మనుమలు తమ అవ్వలు వ్రాసిన ఉత్తరములను చదువలేక, ఆ లిపిని ప్రత్యేకముగా నేర్చుకొనుచున్నారు. పాత పత్రములు నిజమైనవా, కల్పితములా అను వివాదమునకు సమాధానముగా ఫ్రాన్సులో మబియో అను క్రైస్తవ సన్న్యాసి 1681లో ఒక గ్రంథము వ్రాసెను. లిపి, సిరా, వాక్యముల కట్టు, ముద్ర అనువానిని ఒకదానితో నొకటి పోల్చి పత్రమును పరీక్షించు శాస్త్రము దానితో పాదుకొన్నది. మన తెలుగునేలపై సి.పి. బ్రౌను దొర వేమన పద్యములను 1829లో అచ్చువేయుటకు ముందు పలు వ్రాతప్రతులను సేకరించి, పండితులచేత పోల్చి చూపించెను. ఒక్క ప్రతిని నమ్మక, పెక్కింటిని ప్రక్కప్రక్కన పెట్టుట అను ఈ మార్గమే మన ఇంటి కాగితములకును వర్తించును.

కాగితమునకు తోడుగా నోటిమాటయు కలదు. పద్మశాలీల కులపురాణమును పటము విప్పి చెప్పు కూనపులివారు, రెడ్ల గోత్రములను కీర్తించు పిచ్చకుంట్లవారు తరతరముల పేర్లను కంఠస్థము చేసినవారు. కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు చేనేత కుటుంబములకు ఈ సంప్రదాయము పరిచితమే. కాశీ, ప్రయాగ, గయలకు పోయినవారి పేర్లు అచ్చటి పండాల బహీలలో నుండును. నోటిమాట పేర్ల వరుస చెప్పును, తేదీ చెప్పదు. కాగితము తేదీ చెప్పును, వరుస చెప్పదు. రెండును కలిపి చూచినపుడే వంశవృక్షము నిలుచును.

కాగితముల సంరక్షణ గురించి కొన్ని మాటలు. పాత సిరాలు ముఖ్యముగా రెండు విధములు. దీపపు మసితో చేసినది నీరు తగిలినచో కరిగిపోవును. కనుక తడిగుడ్డతో తుడువరాదు. కరక్కాయ, అన్నభేది కలిపి చేసినది కాలక్రమమున కాగితమునే తినివేయును. మడతల దగ్గర ముందుగా చిరుగును, కనుక మాటిమాటికి మడువరాదు. జిగురు పట్టీలు అతికించుట, ప్లాస్టిక్కు పొరలలో వేడితో మూయించుట మేలుచేయబోయి కీడుచేయుట యగును. తాటియాకుమీద గంటముతో గీసిన అక్షరములకు మసి పోయినను, దీపమును ఒక ప్రక్కనుండి ఏటవాలుగా పట్టినచో గీతల నీడలు కనబడి చదువుటకు వీలగును. నేడు ఇంటింట చేతిఫోనులు కలవు. పగటి వెలుతురులో, నీడ పడకుండ, ఒక్కొక్క పుటను రెండువైపుల చిత్రము తీసికొని, చిత్రమును పెంచి చదువుట ఉత్తమము. ఏ కట్టలో, ఏ వరుసలో ఉండెనో ముందుగా వ్రాసికొనవలెను. ఆ వరుసయు ఒక సాక్ష్యమే. పై కచ్చేరీల పారసీక, ఉర్దూ పత్రములకు హైదరాబాదులో తార్నాకనున్న రాష్ట్ర పురాభిలేఖాగారము ఆధారము.

ఈ ప్రాంతపు జనులు పలుదిక్కులకు పోయినవారు. నేతపని వెంట షోలాపురము, భివండి, బొంబాయి చేరినవారున్నారు; గల్ఫు దేశములకు పోయినవారున్నారు. వారి పిల్లలు ఊరి పేరు ఎరుగుదురు గాని, ఊరిలోని ఇల్లు ఎరుగరు. ఏనాడో ఒకనాడు వారు తమ ముత్తాత ఎవరని అడుగుదురు. అప్పటికి చెప్పువారు ఉండవలెను గదా.

పట్వారీ పదవి 1984లో రద్దయినది. ఆ వ్రాత వ్రాసిన చేతులు, ఆ వ్రాతను దినదినము చదివిన కన్నులు ఇపుడు కొలదిగా మిగిలియున్నవి. ఊరిలో ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయుడుండవచ్చును, పాత పట్వారి కుటుంబమున ఒక వృద్ధుడుండవచ్చును, పురోహితుడుండవచ్చును. కాగితము సందుగలో ఇంకను కొంతకాలము ఆగగలదు; ఆ పెద్దల వయస్సు ఆగదు. కనుక ఈ వారమే ఆ కట్టను దింపి, వారి ఎదుట విప్పి, పేర్లు చెప్పించుకొని, ప్రక్కన మనుమనిచేత నేటి తెలుగులో వ్రాయించుడు. వ్రాసిన దినమును, చదివినవారి పేరును అడుగున తప్పక చేర్చుడు. రాబోవు తరమువారు మన దస్తూరిని చదువునపుడు వారికి ఆ రెండును అవసరమగును.